నలభై ఏళ్ల స్టీలు సైకిల్ మీద అయిదు రోజుల టూర్, వెళ్లొచ్చా?

నెమ్మదిబండి

అందరికీ నమస్తే. ఏడాదిగా ఇక్కడ చప్పుడు చెయ్యకుండా చదువుతున్నా, పోస్టు పెట్టడం ఇదే మొదలు. మా మావయ్య సైకిల్ నా చేతికొచ్చింది, 1983లో కొన్నాడట, ఫ్రేమ్ మీద రెనాల్డ్స్ 531 (సన్నటి స్టీలు పైపుల రకం) స్టిక్కర్ సగం ఊడిపోయి ఉంది, లగ్గులతో (పైపులు కలిసే చోట ఉండే లోహపు తొడుగులు) అతికిన ఫ్రేమ్, గేర్ లీవర్లు కింది పైపు మీద, ముందు పళ్ల చక్రాలు 52-42, వెనక ఆరు పళ్ల చక్రాల గుత్తి (ఫ్రీవీల్) 14 నుంచి 28 పళ్లు, టైర్లు 27 అంగుళాలవి. మూడేళ్లుగా రోజూ పనికి దీని మీదే పోతున్నా, పంచర్లు తప్ప ఇంకేం ఇబ్బంది పెట్టలేదు. హ్యాండిల్ స్టెమ్ (ఫ్రేమ్‌లోంచి పైకొచ్చి హ్యాండిల్‌ని పట్టుకునే కడ్డీ) మీద మావయ్య చుట్టిన నల్ల టేపు కూడా తియ్యలేదు, సెంటిమెంటు అనుకోండి.

ఇప్పుడు దీని మీద అయిదు రోజులు టూర్ వెళ్దామని ఉంది, రోజుకి 70 కిలోమీటర్లు అటూఇటూగా, టెంటు, పడక, బట్టలు అన్నీ కలిపి తూకం వేస్తే 16 కిలోలొచ్చింది. విన్నవాళ్లంతా దారి మధ్యలో ఫ్రేమ్ విరిగితే ఏం చేస్తావ్ అంటున్నారు. నిజంగా విరుగుతుందా? ఇంకోటి, ఎత్తు ఎక్కేటప్పుడు బలంగా తొక్కితే ఎక్కడో టక్... టక్ అని వస్తుంది. చదునులో రాదు.

గ్రీజుచేతులు

రా తమ్ముడూ. భయపెట్టేవాళ్ల మాట పక్కన పెట్టి ముందు ఫ్రేమ్ శుభ్రంగా తుడిచి పట్టపగలు వెలుతురులో చూడు. ఎక్కడెక్కడంటే, హ్యాండిల్ కింద హెడ్ ట్యూబ్‌కి కింది పైపు అతికే చోట పెయింట్ ముడతలు పడిందా (పడితే ఎప్పుడో ముందు నుంచి గుద్దుకుంది అని), వెనక ఇరుసు కూర్చునే డ్రాపౌట్ల దగ్గర వెంట్రుక సన్నం గీతలున్నాయా, పెడల్ ఇరుసు పక్కన చైన్‌స్టేలు (అక్కడి నుంచి వెనక ఇరుసు దాకా పోయే రెండు పైపులు) మొదలయ్యే చోట బీట్ ఉందా. వేలితో తడిమితే గీతకీ బీటుకీ తేడా తెలుస్తుంది, గోరు పట్టుకుంటే అనుమానించు. తర్వాత సీటు పైపు తీసి లోపలికి టార్చ్ వెయ్యి, పైన మెరుస్తున్నా లోపల నీళ్లు చేరి తుప్పు తినేసిన బండ్లు చూశా.

ఫ్రేమ్ వంకర పోయిందో లేదో చూడ్డానికి దారం చాలు. వెనక చక్రం తీసేసి ఒక డ్రాపౌట్‌కి దారం కట్టు, హెడ్ ట్యూబ్ చుట్టూ తిప్పి బిగువుగా లాగి రెండో డ్రాపౌట్‌కి కట్టు. ఇప్పుడు సీటు ట్యూబ్‌కీ దారానికీ మధ్య ఖాళీ రెండు పక్కలా స్కేలుతో కొలువు. మిల్లీమీటరు, రెండు తేడా అయితే ఏం ఫర్లేదు. అయిదారు తేడా వస్తే ఫొటో పెట్టు.

టక్ టక్ అంటావా, నూటికి తొంభై బీబీనే (పెడల్ ఇరుసు తిరిగే బేరింగులు). పెడల్ ఇరుసు బాల్స్ అరిగి ఉంటాయి.

కార్బన్‌కుర్రాడు

అన్నా ఏమనుకోకు కానీ ఆ బండి 13 కిలోలు ఉంటుంది కదా, ఇప్పుడు మామూలు బండ్లే 10 కిలోల్లో వస్తున్నాయి. అయిదు రోజులు ఆ మూడు కిలోలు మోసుకుంటూ ఎక్కడం ఎందుకు, పాతది గోడకి తగిలించి కొత్తది తీసుకో.

మూడోగేరు

@కార్బన్‌కుర్రాడు లెక్క చూద్దాం తమ్ముడూ. మనిషి 70, సామాను 16, బండి 13, మొత్తం 99 కిలోలు. బండి 10 అయితే 96. అంటే మూడు శాతం. పొద్దున్నే రెండు లీటర్ల నీళ్లు తక్కువ నింపితే అందులో రెండొంతులు పోయింది. టూర్‌లో బరువు లెక్క చూసుకోవాల్సింది సంచుల్లో, ఫ్రేమ్‌లో కాదు. 16 కిలోల్లో కనీసం నాలుగు కిలోలు వాడకుండానే తిరిగి ఇంటికొస్తాయి, కావాలంటే పందెం.

హైన్జ్ ష్టూకే అని జర్మనీ ఆయన 1962లో మూడు గేర్ల స్టీలు సైకిలేసుకుని బయల్దేరి యాభై ఏళ్లు తిరిగాడు, ఆ బండి బరువే దాదాపు 25 కిలోలు. అంతకు ముందే 1923లో బొంబాయి నుంచి ఆరుగురు కుర్రాళ్లు సైకిళ్ల మీద ప్రపంచం చుట్టడానికి బయల్దేరితే అందులో అది హకీమ్, జాల్ బాపాసోలా, రుస్తుం భుమ్‌గరా అని ముగ్గురు 1928లో చుట్టి వచ్చారు. వాళ్లెవరూ గ్రాములు చూసుకోలేదు.

కార్బన్‌కుర్రాడు

సరే సరే, తగిలింది.

ఎదురుగాలి

అందరూ ఫ్రేమ్ ఫ్రేమ్ అంటున్నారు, నేను వేరే మాట చెప్తా. పాత బండి మీద టూర్లు ఆరేడు చేశా, ఒక్కసారి కూడా ఫ్రేమ్ ఆపలేదు నన్ను, ఆపింది ప్రతిసారీ వెనక చక్రమే. నెమ్మదిబండి, ఆ చక్రంలో స్పోకులు ఎప్పటివి? 1983వేనా?

ఎందుకడుగుతున్నానంటే స్పోక్ లాగితే తెగదు, అలసిపోయి తెగుతుంది. చక్రం తిరిగిన ప్రతిసారీ కిందికొచ్చిన స్పోకులు కాస్త వదులై మళ్లీ బిగుసుకుంటాయి, ఇలా లక్షలసార్లయ్యాక హబ్ (చక్రం నడిమి భాగం) దగ్గర వంపులో టప్‌మంటుంది. వెనక కుడివైపు ఫ్రీవీల్‌కి చోటివ్వడానికి స్పోకులు నిటారుగా నిలబెడతారు కాబట్టి ఆ వైపు బిగువెక్కువ, ఎడమవి వదులు, అందుకే బరువు పడ్డప్పుడు ఇబ్బందంతా వెనక చక్రంలోనే. దానికి తోడు ఫ్రీవీల్ హబ్‌లో కుడివైపు బేరింగ్ ఎక్కడో లోపల ఉంటుంది, అక్కడి నుంచి డ్రాపౌట్ దాకా ఇరుసుకి కింద ఆసరా ఏం లేదు, అందుకే ఇరుసులు వంగుతాయి. ఫ్రీవీల్ తర్వాత వచ్చిన క్యాసెట్ హబ్‌లో బేరింగ్ చివరికొచ్చేసింది కాబట్టి ఈ గొడవ లేదు.

పరీక్ష ఏంటంటే, పక్కపక్క స్పోకులు జంటగా పట్టుకుని పిండుకుంటూ చక్రమంతా తిరుగు. ఒకటి మెత్తగా ఒకటి రాయిలా ఉంటే టూర్ సంగతి తర్వాత, ముందు చక్రం సంగతి చూడు.

నెమ్మదిబండి

అక్కా, స్పోకులు అప్పటివే అనుకుంటా. పిండి చూశా, ఎడమవైపు మూడు దాదాపు దారాల్లా ఉన్నాయి 😬 దారం పరీక్ష కూడా చేశా, 1 మిల్లీమీటరు తేడా. ఫ్రేమ్ మాత్రం బాగుంది. గ్రీజుచేతులు అన్నా, థాంక్స్.

లగ్గులబాబు

ఫ్రేమ్ గురించి అసలు టెన్షన్ వద్దు. 531 అంటే 1935 నుంచి ఉన్న ట్యూబింగ్, మాంగనీస్ మాలిబ్డినమ్ స్టీలు. పైగా స్టీలుకున్న సుఖమే అది, విరిగినా ఏ ఊళ్లోనైనా వెల్డింగ్ షాపులో రెండు చుక్కలు పెట్టించుకుని పోవచ్చు, అల్యూమినియంతో అది కుదర్దు.

గ్రీజుచేతులు

ఈ మాట ఇరవై ఏళ్లుగా వింటున్నా, వినీ వినీ విసుగొచ్చింది. 531 గోడ మందం ఎంతో తెలుసా బాబూ, బటెడ్ ట్యూబ్ కాబట్టి అతుకుల దగ్గర చివర్లు 0.8 మి.మీ., మధ్యలో 0.5 మి.మీ. అలాంటి సెట్లు మామూలే. గేట్లూ గ్రిల్సూ అతికే ఆర్క్ రాడ్డు దాని మీద పెడితే నిమిషంలో చిల్లు. చిల్లు పడకపోయినా 531ని వెల్డింగ్ వేడికి గురిచేస్తే ఆ పక్కనే పెళుసవుతుంది, లగ్గులు పెట్టి తక్కువ వేడిలో ఇత్తడితోనో వెండితోనో అతికింది అందుకే కదా. వెల్డింగ్‌తో బతికేది మందపాటి పైపుల పాత రోడ్‌స్టర్లు, ఇంకా స్టీలు క్యారేజీలు.

క్యారేజీ విషయంలో మాత్రం నువ్వన్నది నిజం. టూర్‌లో విరిగేది అదే, స్టీలుదైతే ఎవరైనా అతుకుతారు.

లగ్గులబాబు

ఒప్పుకుంటున్నా, నాది మందపాటి ఫ్రేమ్, అందుకే అతికింది కాబోలు. 531 మీద చేయించలేదు ఎప్పుడూ.

మూడోగేరు

గేర్ల సంగతి ఎవరూ ఎత్తలేదు. 42 పళ్లు ముందు, 28 వెనక, 27 అంగుళాల చక్రం. 42ని 28తో భాగించి 27తో గుణిస్తే 40 అంగుళాల గేరు, ఈ అంకె ఎంత తక్కువైతే ఎత్తెక్కడం అంత సులువు. సామాను లేకుండా సరదాగా ఎక్కడానికి సరిపోతుంది, 16 కిలోలు వేసుకుని మూడోరోజు మధ్యాహ్నం ఎదురుగాలిలో (ఈ ఎదురుగాలి కాదు 😄) ఎత్తెక్కితే మోకాళ్లు మాట్లాడతాయి. టూర్‌కి 30 లోపుండాలి. ముందు 48-34 క్రాంకు, వెనక పెద్ద చక్రం 32 పెడితే 34 భాగించు 32, గుణించు 27, దాదాపు 28.7. అప్పుడు కూర్చునే ఎక్కేస్తావ్. ఒకటి గుర్తుంచుకో, నీ పాత డిరైలర్ (గేరు మార్చినప్పుడు చైను జరిపేది) 28 దాటితే అందుకోలేదు, పొడుగు చెయ్యున్నది పెట్టుకోవాలి. లీవర్లు మార్చక్కర్లేదు, అవి ఫ్రిక్షన్‌వి కాబట్టి ఆరైనా ఎనిమిదైనా వాటికి ఒకటే, క్లిక్కులు లేవు కాబట్టి చెడటానికి ఏమీ లేదు. గతుకుల్లో మాత్రం లీవర్ స్క్రూ వదులై గేరు తనంతట తనే జారుతుంది, రోజూ పొద్దున ఒక పావు తిప్పు బిగించుకో.

ఎదురుగాలి

ఇంకా ఏమీ కొనకు. ముందు ఉన్నదాని మీదే ఒక్క రాత్రి బయట ఉండేలా చిన్న ట్రిప్ చెయ్, పూర్తి సామానుతో. ఇంట్లో కూర్చుని రాసుకున్న లిస్టుకీ నలభై కిలోమీటర్లు తొక్కాక రాసుకునే లిస్టుకీ పోలికే ఉండదు.

నెమ్మదిబండి

వెళ్లొచ్చా. వెళ్లొచ్చా అంటే... వెళ్లాను, రావడం మాత్రం నడిచి వచ్చా కొంత.

మొదటి రోజు 55 కిలోమీటర్లు హాయిగా జరిగింది, నిజం చెప్పాలంటే బరువు పడ్డాక బండి ఇంకా మెత్తగా పోయింది, గతుకుల్లో కూడా గుర్రంలా. దిగుడులో మాత్రం 40 దాటగానే హ్యాండిల్ ఎడాపెడా ఊగడం మొదలెట్టింది, గుండె జారిపోయింది, రెండు మోకాళ్లతో పై పైపుని నొక్కి పట్టుకుంటే ఆగింది (ఇక్కడే ఎక్కడో చదివా, ఎవరు రాశారో వాళ్లకి దణ్ణం). రెండో రోజు పొద్దున పదో కిలోమీటర్లో చిన్న గుంట, టంగ్‌మని సౌండ్, చక్రం ఎడమ బ్రేకుకి రాసుకుంటోంది. దిగి చూస్తే కుడివైపు స్పోక్ తెగి వేలాడుతోంది. అక్క చెప్పినట్టే, హబ్ దగ్గర వంపులోనే.

స్పేర్ స్పోకులు తీసుకెళ్లా!! పొడవు కూడా కరెక్టు!! కానీ కుడివైపు స్పోక్ దూర్చాలంటే ఫ్రీవీల్ విప్పాలి, ఫ్రీవీల్ విప్పాలంటే దాని పళ్లలో కూర్చునే ప్రత్యేకమైన రిమూవర్ కావాలి, అది ఇంట్లో డబ్బాలో భద్రంగా ఉంది. పక్క స్పోకులు రెండూ ఒక అర తిప్పు వదులు చేసి, వెనక బ్రేకు తెరిచేసి, ముందు బ్రేకొక్కదానితో మెల్లగా, దిగుళ్లలో నడిపించుకుంటూ ఇల్లు చేరా.

ఇంకా టక్ టక్ కూడా అలాగే ఉంది.

ఎదురుగాలి

తెగినందుకు బాధ లేదు, ఇంటి దగ్గర తెగింది. ఇక ఆ చక్రానికి కొత్త స్పోకులెయ్యడం కాదు, చక్రమే మార్చు. 36 స్పోకులు, మంచి రిమ్ము, కట్టినాయన్ని బిగించాక స్పోకులు జంటలుగా గట్టిగా పిండి మళ్లీ సరిచెయ్యమను, కొత్త చక్రం టింగ్ టింగ్ అనడం అప్పుడే అయిపోవాలి, రోడ్డు మీద కాదు.

మార్చేటప్పుడే 700సి సైజు చక్రాలకి పో. మీ 27 అంగుళాల టైరు రిమ్ము మీద కూర్చునే వ్యాసం 630 మి.మీ., 700సి ది 622. పేరు చూస్తే ఏదేదో అనిపిస్తుంది కానీ తేడా 8 మి.మీ., అంటే బ్రేకు రబ్బర్లు 4 మి.మీ. కిందికి దించగలిగితే పనైపోయింది. 630 టైరు దార్లో చిరిగితే దొరకడం కష్టం, 622 దొరుకుతుంది. రిమ్ము చిన్నదవుతుంది కాబట్టి మడ్‌గార్డ్ కింద లావు టైరుకి కూడా కాస్త చోటొస్తుంది, 32 మి.మీ. వెడల్పుది పట్టొచ్చు.

గ్రీజుచేతులు

అక్క మాటకి ఒకటి కలుపుతా. నీ ఫ్రేమ్ వెనక వెడల్పు 126 మి.మీ. ఉంటుంది, ఆరు చక్రాల కాలం అది. ఎనిమిది చక్రాల క్యాసెట్ హబ్ 130. స్టీలుకి అసలు సుఖం వెల్డింగ్ కాదు, ఇది! 4 మి.మీ. అంటే పక్కకి 2, చల్లగా ఉండగానే మెల్లగా విడదీసి పెట్టొచ్చు. అల్యూమినియం, కార్బన్ ఫ్రేముల జోలికి మాత్రం అలా పోకూడదు. దారం పరీక్ష మళ్లీ చెయ్యి, ఒక పక్కే వంగితే ఆ పక్క వెనక్కి తేవాలి, డ్రాపౌట్లు రెండూ ఒకదానికొకటి సమాంతరంగా ఉన్నాయో లేదో కూడా చూసుకో, లేకపోతే ఇరుసు మీద పక్కబలం పడుతుంది.

ఊగడం సంగతి, సామానంతా వెనకే పెట్టావు కదూ? ముందు ఫోర్కు పక్కన తక్కువ ఎత్తులో రెండు చిన్న సంచులు వేలాడదీసి బరువైనవి అందులో పెట్టు. వెనక సంచులు ఇరుసు వైపుకి ముందుకు జరుపు, మడమ తగలకుండా ఎంత వస్తే అంత. క్యారేజీ బోల్టులు ఊగినా ఇదే వస్తుంది.

నెమ్మదిబండి

అంతా వెనకే అన్నా. క్యారేజీ బోల్టు ఒకటి వేలితో తిరిగింది కూడా, చెప్పడానికి సిగ్గేసింది.

లగ్గులబాబు

బోల్టులకి మరలు వదులవకుండా పట్టే జిగురు పెట్టు, సన్నగా చాలు. రెండు స్పేర్ ఎం5 బోల్టులు ఎక్కడైనా టేపు చుట్టి పెట్టుకో. నేను ఫ్రేమ్‌కే చుట్టుకుంటా.

నెమ్మదిబండి

మూడు వారాల తర్వాత అప్‌డేట్. చక్రాలు రెండూ 700సి అయ్యాయి, వెనక 36 స్పోకులు, ఫ్రేమ్ 130కి విడదీశాం, దారం పరీక్ష పాస్. 48-34 క్రాంకు వచ్చింది, వెనక 32 పళ్ల చక్రం వచ్చింది, డిరైలర్ వచ్చింది. బ్రేకు రబ్బర్లు స్లాట్లో పూర్తిగా కిందికి దిగి సరిగ్గా సరిపోయాయి, ఇంకొక్క మిల్లీమీటరు కావాల్సి వచ్చినా కుదిరేది కాదు.

క్రాంకు తీశా కదా అని బీబీ కూడా నేనే విప్పా. కుడివైపు కప్పు ఎంతకీ రావట్లేదని పానాకి పైపు తొడిగి వేలాడితే, తర్వాత తెలిసింది కుడి కప్పుది ఎడమ మర అని, అంటే నేను అంతసేపూ ఇంకా బిగిస్తున్నా 🤦 చివరికి వచ్చింది. పాత బాల్స్ గుంటలు పడి ఉన్నాయి, పక్కకి 11 చొప్పున కొత్త పావంగుళం బాల్స్ వేసి గ్రీజు పట్టించి బిగించా, పెడల్ వేలితో తోస్తే ఎంతసేపు తిరుగుతుందో.

ఎత్తు ఎక్కా. టక్... టక్.

కార్బన్‌కుర్రాడు

😂😂 సారీ అన్నా

గ్రీజుచేతులు

బీబీ అన్నది నేనే, తప్పు ఒప్పుకుంటున్నా. పెడల్స్ మార్చి చూశావా? పెడల్ దగ్గరి పళ్ల చక్రానికి బోల్టులు అయిదు ఉంటాయి, విప్పి గ్రీజు పెట్టి బిగించు.

మూడోగేరు

సీటు కింద కమ్మీలు కూడా చూడు. నిలబడి తొక్కినప్పుడు వస్తే సీటు కాదు.

నెమ్మదిబండి

నిలబడితే ఇంకా ఎక్కువొస్తుంది. పెడల్స్ మార్చా, పళ్ల బోల్టులు చేశా. అలాగే ఉంది.

ఎదురుగాలి

ఒక చిన్న పని చెయ్. అదే ఎత్తు, అదే గేరు, కూర్చుని తొక్కు, కానీ చేతులు హ్యాండిల్ మీద ఊరికే ఆనించు, అస్సలు లాగకు. వస్తుందా?

నెమ్మదిబండి

రాలేదు!!! లాగితే వస్తుంది, వదిలేస్తే లేదు. అంటే కాళ్ల దగ్గర కాదు, చేతుల దగ్గర?

ఎదురుగాలి

అవును. బలంగా తొక్కేటప్పుడు మనకి తెలీకుండానే హ్యాండిల్‌ని లాగుతాం, కాలు కిందికి పోయిన ప్రతిసారీ ఆ చెయ్యి లాగుతుంది, అందుకే పెడల్ లెక్కలోనే వినపడి అందరం కిందే వెతుక్కుంటాం. స్టెమ్ పై బోల్టు రెండు మూడు తిప్పులు వదులు చెయ్యి, దాని మీద చెక్క ముక్క పెట్టి సుత్తితో ఒక్క దెబ్బ, స్టెమ్‌ని లోపల బిగించి పట్టే ఆప్పు ముక్క జారుతుంది, తిప్పుతూ పైకి లాగు. ఆ నల్ల టేపు కూడా తీసెయ్, సెంటిమెంటు తర్వాత.

నెమ్మదిబండి

ఇది రాస్తుంటే ఇంకా చేతులు వణుకుతున్నాయి.

టేపు తీశా. టేపు కింద స్టెమ్ మీద అడ్డగీత ఉంది, ఇంతకన్నా పైకి లేపకూడదు అని. ఆ గీత హెడ్‌సెట్ నట్టుకి (స్టెమ్ ఫ్రేమ్‌లోకి దిగే చోటి నట్టు) పైన, దాదాపు రెండు వేళ్ల ఎత్తులో ఉంది. లోపల ఉన్నది చిటికెనవేలంత ముక్క. దాని మీదే నేను మూడేళ్లు తిరిగా, 40 స్పీడులో దిగా, ఆ ఊగినప్పుడు కూడా ఆ ముక్క మీదే ఉన్నా.

గ్రీజుచేతులు

దేవుడు నీ పక్కనున్నాడు. అంత పైకి లేపితే లోపలి ఆప్పు ఫోర్కు పైపు మరల మీద కూర్చుని బిగుసుకుంటుంది, మరలున్న చోట పైపు బలహీనం, అక్కడే బీటిస్తుంది. ఫోర్కు విప్పి ఆ పైపు మరల దగ్గర చుట్టూ చూడు. గోరు పరీక్ష. చూడకుండా బండెక్కకు.

నెమ్మదిబండి

విప్పా, కిరోసిన్‌తో కడిగి భూతద్దం పెట్టి చూశా, ఇక్కడ ఒకాయన పాత మెకానిక్ ఉంటే ఆయనకీ చూపించా, బీట్ లేదు. పొడుగు స్టెమ్ తెప్పించా, గీత ఇప్పుడు రెండు వేళ్లు లోపల ఉంది, హ్యాండిల్ మాత్రం పాత ఎత్తులోనే. గ్రీజు పెట్టా. టక్ టక్ పోయింది.

ఎల్లుండి బయల్దేరుతున్నా.

లగ్గులబాబు

ఫ్రీవీల్ రిమూవర్ పెట్టుకున్నావా 😁

నెమ్మదిబండి

ఇప్పుడు క్యాసెట్ కదా, దానికి చిన్న లాక్‌రింగ్ టూలు ఉంది, అది మొదటే పెట్టా. స్పోకులు నాలుగు చైన్‌స్టేకి చుట్టా.

నెమ్మదిబండి

వచ్చేశా. అయిదు రోజులు, 362 కిలోమీటర్లు, పంచర్లు రెండు, స్పోకులు సున్నా. మూడోరోజు పొద్దున్నుంచి సాయంత్రం దాకా వాన, కొత్త అల్యూమినియం రిమ్ముల మీద బ్రేకులు ఒక చక్రం తిరిగేలోపు పట్టుకున్నాయి. 34-32 మీద ఎక్కుతుంటే ఒక పెద్దాయన నడుస్తూ నన్ను దాటిపోయారు కానీ నేను దిగలేదు. ముందు సంచులు పెట్టాక ఊగడం లేదు, 45 లో కూడా ఒంటి చేత్తో పట్టుకోగలిగా. మూడోగేరు అన్నా, పందెం నువ్వే గెలిచావ్, వాడకుండా వెనక్కి తెచ్చినవి తూకం వేశా, 4.3 కిలోలు.

మూడోగేరు

😎

ఎదురుగాలి

మావయ్యకి చెప్పావా మరి, టేపు సంగతి?

నెమ్మదిబండి

చెప్పా అక్కా. నవ్వి, "ఆ సౌండు నాకు తెలుసురా, నడుం నొప్పని హ్యాండిల్ పైకి లేపింది నేనే. మీ అత్తయ్య ఆ గీత చూసి ఇదేంటని అడుగుతోందని టేపు చుట్టా" అన్నాడు.